ఆట పెట్టెకు దాని కంట్రోలరే ఏల కావలెను?

గ్రామ పంచాయతీల అధీనమున ఉండు వస్తువులు నానాటికి మారుచున్నవి. ఒకప్పుడు పంచాయతీ ఆస్తి యనగా వీధి లాంతరులు, రచ్చబండ కడ రేడియో, గ్రంథాలయపు బీరువా. నేడు కంప్యూటర్లు, కెమేరాలు, టెలివిజనులు వచ్చి చేరినవి. యువజన మందిరములో పిల్లల వినోదమునకై వీడియో గేమ్ యంత్రము కావలెనని యువకులు అడుగుటయు, విదేశమున నున్న ఊరివారు అట్టిదానిని కానుకగా ఇచ్చుటయు సంభవింపవచ్చును. అట్టి యంత్రమును కొనుటకు గాని, కానుకగా పుచ్చుకొనుటకు గాని ముందు సభ్యులు తెలిసికొనవలసిన ముఖ్య విషయ మొకటి కలదు. అదియే ఈ పాఠము.

లాల్‌దర్వాజాలో ఒక సాయంకాలము

హైదరాబాదు పాతబస్తీలోని లాల్‌దర్వాజాకు ఆషాఢమాసమున బోనాల పండుగకు పల్లెల నుండి బంధువులు వచ్చుట పరిపాటి. సింహవాహిని మహంకాళి అమ్మవారికి బోనము సమర్పించు ఇండ్లలో ఆనాడు చుట్టములకు కొదవ యుండదు. అట్లు అక్కగారి యింటికి వచ్చిన ఒక వార్డు సభ్యుని ఊహించుకొందము.

ఆయన చేతిలో ఒక సంచి యున్నది. అందులో పాత సామానుల అంగడిలో కొన్న ఆట పెట్టె, అనగా గేమ్ కన్సోలు కలదు. తమ ఊరి యువజన మందిరము కొరకు పంచాయతీ తీర్మానము చేసి ఇచ్చిన సొమ్ముతో దానిని కొనెను. పెట్టె నిగనిగలాడుచున్నది. చేతితో పట్టుకొని ఆడు కంట్రోలరు మాత్రము లేదు. “ఏదో ఒక రిమోటు తగిలించుకొనవచ్చును” అని అంగడివాడు చెప్పగా ఆయన నమ్మెను. కంట్రోలరు లేనందున వెల తగ్గినదని సంతోషించెను గూడ.

ఇంటర్మీడియేటు చదువుచున్న మేనల్లుడు పెట్టెను టెలివిజనుకు కలిపెను. తెర వెలిగినది. కంట్రోలరు మీది బటను నొక్కుడని దానిపై అక్షరములు కనబడినవి. ఆ కుర్రవాడు తన యింటిలోనున్న మరియొక కంపెనీ యంత్రపు కంట్రోలరును తెచ్చి తీగతో కలిపెను. తీగ చక్కగా దూరినది. కంట్రోలరు మీది చిన్న దీపము వెలిగినది. కాని ఎన్ని బటనులు నొక్కినను తెర మీది అక్షరములు కదలలేదు.

“పెట్టె చెడిపోయినదేమో” అని సభ్యుడు దిగులుపడెను.

“చెడిపోలేదు మామా! మీరు తెచ్చినది సగము యంత్రము. మిగిలిన సగము అంగడిలోనే ఉండిపోయినది” అని మేనల్లుడు నవ్వెను.

ఆ మాట హాస్యము కొరకు అన్నట్లు తోచినను అక్షరాల నిజము. ఎట్లు నిజమో క్రమముగా పరిశీలింతము.

పెట్టెకు కన్నులు లేవు, చెవులు లేవు

సామాన్యముగా మనము వాడు విద్యుత్ వస్తువులకు స్విచ్చి ఒక అదనపు భాగము. దీపమునకు ఏ కంపెనీ స్విచ్చి యైనను సరిపోవును. పంపుసెట్టుకు మోటారు శక్తికి తగిన స్టార్టరు ఏదైనను పనిచేయును. ఏలయన వానికి కావలసినది కరెంటు వచ్చుట, ఆగుట మాత్రమే. ఈ అనుభవము వలననే కన్సోలుకు కూడ ఏ కంట్రోలరైన చాలునని మనము తలంచెదము.

కాని కన్సోలు అట్టిది కాదు. అది లెక్కలు వేయు యంత్రము. బొమ్మను ఎచట ఉంచవలెను, బంతి ఎటు పోవలెను, గోడకు తగిలినచో ఏమి జరుగవలెను అను విషయములను లెక్కించి, సెకనుకు సాధారణముగా 30 మొదలు 60 మారులు క్రొత్త చిత్రమును తెరకు పంపుచుండును. ఆ లెక్కలు వేయుటకు దానికి ఒక సమాచారము తప్పక కావలెను: ఇప్పుడు ఆటగాడు ఏమి చేయుచున్నాడు? ఆటగాడు ఎదుట కూర్చున్నను పెట్టె చూడలేదు, అరచినను వినలేదు. కంట్రోలరు చెప్పినదే దానికి తెలియును. కంట్రోలరు చెప్పనిది దానికి లేనే లేదు.

ప్రతి యింటిలో తెలిసిన దృష్టాంతము ఒకటి కలదు. ఒక కంపెనీ టెలివిజనుకు మరియొక కంపెనీ రిమోటు సాధారణముగా పనిచేయదు. రెండును కంటికి కనబడని పరారుణ కాంతినే పంపును. రెంటికిని బ్యాటరీలు ఒకటే. అయినను ఆ కాంతిని మినుకు మినుకుమనిపించు సంకేతము కంపెనీకి కంపెనీకి వేరు. కన్సోలు విషయమున ఈ భేదము ఇంకను లోతైనది.

హాజరు పట్టీ వంటి సంభాషణ

కంట్రోలరు పెట్టెతో ఎట్లు మాటలాడునో తెలిసికొనుటకు పాత యంత్రము నొకదానిని తీసికొందము. జపాను దేశపు నింటెండో కంపెనీ 1983లో ఫామికామ్ అను ఆట యంత్రమును వెలువరించెను. 1985లో అమెరికాలో అదియే మరియొక రూపమున అమ్మకమునకు వచ్చెను. తరువాత మన పట్టణముల అంగళ్లలో “క్యాసెట్టు గేము” లని అమ్మిన యంత్రములలో అనేకములు దీని నకళ్లే.

ఈ యంత్రపు కంట్రోలరు మీద ఎనిమిది సంజ్ఞలు కలవు: నాలుగు దిక్కులు, ఏ, బి అను రెండు బటనులు, సెలెక్టు, స్టార్టు. ఎనిమిదింటికి ఎనిమిది తీగలు వేయలేదు. లోపల ఒక చిన్న చిప్పు నుంచి, మొత్తము అయిదు తీగలతోనే పని జరిపించిరి. అందు రెండు కరెంటు కొరకు. మిగిలిన మూడింటి మీదను జరుగు వ్యవహారము పంచాయతీ సమావేశములో హాజరు పిలుచుటను పోలియుండును.

మొదటి తీగ మీద పెట్టె ఒక ఆజ్ఞ పంపును: “ఉన్నవారు ఉన్నట్లే నిలువుడు.” ఆ క్షణమున ఎనిమిది బటనులలో ఏది నొక్కబడియున్నదో, ఏది లేదో చిప్పు పట్టుకొనును. రెండవ తీగ మీద పెట్టె ఒక్కొక్కరినే పిలిచినట్లు వరుసగా తట్టుచుండును. మూడవ తీగ మీద చిప్పు ఒక్కొక్క బటను సంగతి చెప్పుచుండును: మొదట ఏ, పిమ్మట బి, సెలెక్టు, స్టార్టు, పైకి, క్రిందికి, ఎడమ, కుడి. ఇదంతయు సెకనులో వెయ్యవ వంతుకంటె తక్కువ కాలములో ముగియును. ఆట నడచుచున్నంత సేపు ఈ హాజరు మరల మరల జరుగుచునే యుండును.

ఇచట ఒక విశేషము గమనింపుడు. చిప్పు బటను పేరు చెప్పదు. “ఉన్నది” లేక “లేదు” అని మాత్రమే చెప్పును. వరుసయే పేరు. హాజరు పట్టీలో నాలుగవ పేరు ఎవరిదో సర్పంచికిని కార్యదర్శికిని ముందుగనే తెలిసియున్నట్లు, నాలుగవ జవాబు స్టార్టు బటనుదని పెట్టెకును కంట్రోలరుకును ముందుగనే ఒప్పందము. ఒక ఊరి పట్టీని పట్టుకొని మరియొక ఊరి సభ్యులను పిలిచినచో ఏమగును? జవాబులు రావు, వచ్చినను ఎవరివో తెలియవు. వేరొక యంత్రపు కంట్రోలరును తగిలించినప్పుడు జరుగునది ఇదియే.

కంట్రోలరును పూర్తిగా తొలగించినచో ఈ పాత యంత్రమునకు అన్ని జవాబులును “లేదు” అనియే వినబడును. ఎవరును ఏమియు నొక్కలేదని అది భావించి, మొదటి తెర కడనే కాచుకొని యుండును. పెట్టె చెడిపోలేదు. చెప్పువారు లేక ఊరకున్నది.

ప్లగ్గు దూరినంత మాత్రమున పని జరుగదు

1977లో అమెరికాలో వచ్చిన అటారి 2600 అను యంత్రపు జాయ్‌స్టిక్కునకు తొమ్మిది సూదుల ప్లగ్గు కలదు. అందు నాలుగు దిక్కులకును, కాల్పు బటనుకును వేరు వేరు తీగలు. చిప్పు లేదు, వరుస లేదు. ఏ తీగలో కరెంటు మారినదో దానినిబట్టి పెట్టె గ్రహించును. ఫామికామ్ నకళ్లలో అనేకమునకు కూడ ఇట్టి తొమ్మిది సూదుల ప్లగ్గునే అమర్చిరి. చూచుటకు రెండు ప్లగ్గులును ఒకటే. ఒకదాని సాకెట్టులో మరియొకటి దూరును. కాని ఒకటి తీగకొక మాట చెప్పు పద్ధతి. రెండవది ఒకే తీగ మీద వరుసగా చెప్పు పద్ధతి. కావున దూరినను పని జరుగదు.

నేటి కంట్రోలరులకు యు.ఎస్.బి. తీగ వచ్చినది. దూరపు సంబంధమునకు బ్లూటూత్ వంటి రేడియో పద్ధతులు వచ్చినవి. తీగ ఒక్కటే యైనను దాని మీద మాటలాడు భాష కంపెనీలను బట్టి వేరుగానే ఉన్నది. లాల్‌దర్వాజా యింటిలో దీపము వెలిగి ఆట కదలకుండుటకు కారణ మిదియే. తీగ ద్వారా కరెంటు పోయినది, మాట పోలేదు.

కంప్యూటరుకు ఏ కీబోర్డు, ఏ మౌసు కలిపినను పనిచేయుచున్నదే యని సభ్యులు అడుగవచ్చును. ప్రశ్న సమంజసమే. కంప్యూటరు నానావిధ కార్యములకై పుట్టినది. కావున కీబోర్డు, మౌసు వంటి వానికి తయారీదారు లందరును ఒక ఉమ్మడి భాషను ఏర్పరచుకొనిరి. కన్సోలు ఒకే కార్యమునకై, ఒకే కంపెనీ తన కంట్రోలరును దృష్టిలో నుంచుకొని చేసిన యంత్రము. దానిని మొదటిసారి అమర్చుటకు, ఆటను ఎంచుటకు తెర మీది వరుసలను కంట్రోలరుతోనే నడపవలసి యుండును.

ఆట సైతము కంట్రోలరును బట్టి పుట్టినదే

భాషా భేదము ఒక్కటే కారణ మనుకొనరాదు. ఆట వ్రాయువారు కంట్రోలరును చేతిలో పట్టుకొనియే ఆటను రూపొందింతురు. కబడ్డీకి గీతలెట్లో, కోలాటమునకు కోలలెట్లో, కన్సోలు ఆటకు కంట్రోలరు అట్లే. కోలలు లేనిదే కోలాటము లేదు గదా!

సోనీ కంపెనీ 1997లో తన ప్లేస్టేషనుకు డ్యూయల్‌షాక్ అను కంట్రోలరును తెచ్చెను. అందు రెండు బొటనవ్రేళ్లతో కదపదగు రెండు చిన్న కడ్డీలు కలవు. 1999లో వచ్చిన ఏప్ ఎస్కేప్ అను ఆటలో ఒక కడ్డీతో మనిషిని నడపవలెను. రెండవదానితో వలను విసరవలెను. కడ్డీలు లేని పాత కంట్రోలరు అదే కంపెనీ అదే యంత్రమునకు చేసినదే యైనను, ఆ ఆటకు పనికిరాలేదు.

2006లో నింటెండో కంపెనీ వీ అను యంత్రమును వెలువరించెను. దాని కంట్రోలరు చేతికఱ్ఱ వంటిది. అందలి పరికరము చేతి ఊపును కనిపెట్టును. టెన్నిసు ఆడవలెనన్నచో నిజముగనే చేయి విసరవలెను. అట్టి ఆటకు బటనులు మాత్రమే కల కంట్రోలరు నిచ్చిన ఏమి ప్రయోజనము?

బాతులను తుపాకితో కొట్టు పాత ఆట చాలమంది ఎరిగినదే. 1984లో నింటెండో వారు వెలువరించిన డక్ హంట్ ఇట్టిది. ఆ తుపాకి నుండి ఏమియు వెలువడదు. అది కాంతిని చూచు కన్ను మాత్రమే. మీట నొక్కగనే తెర క్షణకాలము నల్లనై, బాతు ఉన్నచోట తెల్లని గుర్తు పడును. తుపాకి ఆ తెలుపును చూచినచో దెబ్బ తగిలినట్లు. ఇది పాత గాజు గొట్టపు టెలివిజనుల వెలుగు తీరునకు కట్టుబడిన పద్ధతి. కాబట్టి నేటి పలక టెలివిజనుల ముందు ఆ పాత తుపాకి పనిచేయదు. పెట్టెయు, తుపాకియు, ఆటయు సరిగానే ఉన్నను జతలో ఒకటి మారినందున ఆట నిలిచిపోయినది.

ఒకే కంట్రోలరు ఉండుటలో ఒక న్యాయము కూడ కలదు. ఇద్దరు పిల్లలు పోటీ పడునప్పుడు ఇద్దరి చేతిలోను ఒకే సాధనము ఉండును. ధనికుని బిడ్డకును, కూలివాని బిడ్డకును బటనులు ఒకటే. ఓటమి గెలుపులు చేతి నేర్పును బట్టియే యుండును.

కంపెనీ పెట్టు కట్టడి

మూడవ కారణము సాంకేతికము కాదు, వ్యాపార నిర్ణయము. దీనిని సభ్యులు ప్రత్యేకముగా ఎరిగియుండవలెను. 2020లో సోనీ ప్లేస్టేషను 5ను వెలువరించినప్పుడు, దాని కొరకు వ్రాసిన ఆటలు పాత ప్లేస్టేషను 4 కంట్రోలరుతో ఆడుటకు వీలులేకుండ చేసెను. ప్లేస్టేషను 4 ఆటలను అదే యంత్రము మీద నడపినప్పుడు మాత్రము పాత కంట్రోలరు పనిచేయును. క్రొత్త కంట్రోలరులో వ్రేలికి బిగువు తెలుపు మీటలు, సూక్ష్మమైన కంపనములు ఉన్నందున ఆటలు వానిని వినియోగింపవలెనని కంపెనీ ఉద్దేశము. అదే సంవత్సరమున మైక్రోసాఫ్టు కంపెనీ తెచ్చిన క్రొత్త ఎక్స్‌బాక్సులో మాత్రము 2013 నాటి ఎక్స్‌బాక్సు వన్ కంట్రోలరులు చక్కగా పనిచేయును. కావున పాతది పనికివచ్చునా, రాదా అనునది అనేక పర్యాయములు కంపెనీ యిష్టము.

ఇతరులు చేసిన చౌక కంట్రోలరుల సంగతియు ఇట్టిదే. మైక్రోసాఫ్టు 2023 నవంబరు నుండి తాను అనుమతింపని కొన్ని పరికరములు ఎక్స్‌బాక్సులో పనిచేయకుండ నిరోధించెను. నిన్న పనిచేసినది నేడు పనిచేయకపోవచ్చును. చౌకగా దొరికినదని కొనునపుడు ఈ విషయము మరువరాదు.

ఓటింగు యంత్రముతో పోలిక

జత కుదిరిన భాగములు గల యంత్రము మనకు క్రొత్త కాదు. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలో వాడు ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రమును చూడుడు. ప్రిసైడింగు అధికారి ముందుండునది కంట్రోల్ యూనిట్టు. ఓటరు బటను నొక్కునది బ్యాలెట్ యూనిట్టు. రెంటిని తీగ కలుపును. ఓటును నిలువ చేయునది మొదటిది. ఓటరు కోరికను తెలుపునది రెండవది. బ్యాలెట్ యూనిట్టు లేనిచో కంట్రోల్ యూనిట్టుకు ఓటరు లేడు. ఈ యంత్రములను మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., బెంగుళూరులోని బి.ఇ.ఎల్. తయారు చేయుచున్నవి.

2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గమున 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో అత్యధికులు తమ కష్టములను తెలుపగోరిన రైతులు. ఒక బ్యాలెట్ యూనిట్టు మీద 16 బటనులే ఉండును. “పైవారెవరును కారు” అను నోటా బటనుతో కలిపి 186 బటనులు కావలసివచ్చినందున, ఒక్కొక్క కంట్రోల్ యూనిట్టుకు 12 బ్యాలెట్ యూనిట్టులను కలిపిరి. పాత తరగతి యంత్రములు నాలుగు యూనిట్టులకే చాలును గనుక, 24 వరకు కలుపుటకు వీలుగల ఎం-3 తరగతి యంత్రములను తెప్పించిరి. ఆ తరగతిలో ఒక భాగము మరియొక భాగము తనవారిదేనా యని పరీక్షించి, కానిచో పనిచేయ నిరాకరించును. ఎన్నికలో ఇది నమ్మకము కొరకు. ఆట పెట్టెలో వ్యాపారము కొరకు, సౌకర్యము కొరకు. ఉద్దేశములు వేరైనను సూత్రము ఒక్కటే: చెప్పు భాగమును, విను భాగమును జత కుదిరియుండవలెను.

పంచాయతీ పాటింపవలసిన జాగ్రత్తలు

1. కన్సోలును కంట్రోలరుతో కూడ టెలివిజనుకు కలిపి, ఒక ఆటను ఎదుట ఆడించి చూచిన పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను. కానుకగా వచ్చినదానిని గూడ ఇట్లే పరీక్షించి స్వీకరింపవలెను.

2. కన్సోలు పేరు, తరగతి, కంట్రోలరు పేరు, తరగతి వ్రాసికొని రెండును సరిపోవునో లేదో చూడవలెను. ప్లగ్గు దూరుట ప్రమాణము కాదు.

3. విదేశము నుండి వచ్చిన వస్తువు మీద వోల్టేజి చదువవలెను. అమెరికాలో ఇండ్లకు వచ్చునది 120 వోల్టులు, మనకు 230. అచటి కరెంటుకు మాత్రమే తగిన అడాప్టరును మన ప్లగ్గులో పెట్టినచో కాలిపోవును.

4. స్టాకు రిజిస్టరులో కన్సోలు ఒక పద్దుగాను, కంట్రోలరులు వేరొక పద్దుగాను సంఖ్యతో సహా వ్రాయవలెను. పోవునది, విరుగునది ముందుగా కంట్రోలరే.

5. కంట్రోలరులోని కడ్డీల క్రింద, పాత రేడియోలో ధ్వని పెంచు బిరడా క్రింద నుండునట్టి అరుగుదల గల భాగము అనేకములందు కలదు. చాలకాలము వాడినచో కడ్డీని ముట్టకున్నను బొమ్మ తనంతట తాను ఒక ప్రక్కకు జరుగును. అది ఆట దోషము కాదు, కంట్రోలరు అరిగినదని గుర్తు. దుమ్ము, తడి చేతులు, తీగను మెలిపెట్టుట తగ్గించినచో కంట్రోలరు ఎక్కువ కాలము నిలుచును.

6. దివ్యాంగులైన పిల్లలను మరువరాదు. వ్రేళ్లు చక్కగా ఆడనివారి కొరకు 2018లో ఎక్స్‌బాక్సు అడాప్టివ్ కంట్రోలరు వచ్చినది. దానికి రెండు పెద్ద పలకలు, ఇతర స్విచ్చిలను కలుపుటకు 19 రంధ్రములు కలవు. మోచేతితో గాని, పాదముతో గాని నొక్కునట్టి స్విచ్చిలను అమర్చుకొనవచ్చును. 2023లో సోనీ సైతము ప్లేస్టేషను 5కు అట్టిదానిని తెచ్చెను. యంత్రము ఒక్కటే యైనను, ఏ కంట్రోలరును సమకూర్చితిమో దానినిబట్టి ఊరిలో ఎవరు ఆడగలరో, ఎవరు గోడకు ఆనుకొని చూచుచుండవలెనో నిర్ణయమగును.

7. ఆటకు వేళలు నిర్ణయించి, చదువునకును, మైదానపు ఆటలకును భంగము కలుగకుండ చూడవలెను.

తిరిగి లాల్‌దర్వాజాకు వత్తము. ఆ సభ్యుడు మరునాడు మేనల్లుని వెంటబెట్టుకొని వెళ్లి, తన పెట్టెకు తగిన కంట్రోలరులు రెండు కొనెననుకొందము. వెల తగ్గినదని మొదట మురిసిన మొత్తము కంటె వానికి ఎక్కువే ఖర్చయినది. గ్రామసభలో ఎవరైన లెక్క అడిగినప్పుడు ఆయన చెప్పవలసిన జవాబు ఒక్కటే: “మొదట సగము యంత్రమునే కొంటిని.” ఆ జవాబు చెప్పవలసిన అవసరము మరి యే పంచాయతీకిని కలుగకుండుటయే ఈ పాఠము యొక్క ప్రయోజనము.

పంచాయతీ సమావేశమున చర్చకు ప్రశ్నలు

1. దీపమునకు ఏ స్విచ్చి యైనను సరిపోవును. కన్సోలుకు ఏ కంట్రోలరైనను ఏల సరిపోదు?

2. మీ పంచాయతీ స్టాకు రిజిస్టరులో జత భాగములు లేక మూలనపడిన యంత్రములు ఎన్ని కలవు? ఏ భాగము వచ్చినచో అవి తిరిగి పనిచేయును?

3. మీ ఊరి యువజన మందిరమున అందరు పిల్లలును ఆడుకొనగలుగుటకు ఎట్టి సాధనములు కావలెను?